బస్తా పలికేదాకా

తాతబ్బాయి తన సమాధి తానే కట్టుకుంటున్నాడని ఫెరార్గంజ్‌లో మొదట చెప్పింది గురువమ్మ. ఆమె రోజూ పొద్దున్నే దీవి రేవైన జంగ్లీఘాట్‌లో చేపలెత్తుకుని బస్సులో వచ్చేది. తెచ్చిన చేపలు పది గంటలకల్లా అయిపోయేవి గానీ, తెచ్చిన కబుర్లు సాయంత్రం దాకా తాజాగా ఉండేవి.

"గుండ్రంగా కడతన్నాడమ్మా! కిటికీ ఒక్కటే, అదీ పళ్ళెమంత. కరెంటోళ్ళు లైను లాగుతామంటే నక్కో అన్నాడంట. బతికుండేవోడికి కరెంటు అక్కర్నేదా? పక్కా సమాధే!"

వారం తిరిగేసరికి ఆ సమాధికి బంగారం కూడా చేరింది. ఇంకో వారానికి, మళ్ళీ సునామీ వస్తుందని ఏదో షిప్పు కెప్టెను తాతబ్బాయికి మాత్రమే చెవిలో చెప్పాడని తేలింది. కానీ చివరికి ఊరు మొదటి మాట దగ్గరికే వచ్చి స్థిరపడింది. అరవయ్యేడేళ్ళవాడు, పెళ్ళాం పోయినవాడు, పిల్లల్లేనివాడు, మట్టి బస్తాలు పేర్చి గుండ్రంగా ఒక గది కట్టుకుంటున్నాడంటే అది సమాధి కాక మరేమవుతుంది?

పుకారు సంగతి అలా ఉంచితే, తాతబ్బాయికి ఉన్న అసలు జబ్బు ఇంకొకటి. ఆయన్ని చూడబోయిన మనిషి ఎవరైనా సరే, "బాగున్నావా" అన్న మాట పూర్తయ్యేలోగా ఆ మనిషి చేతిలో దిమ్మిస ఉండేది. పాత పెయింటు డబ్బాలో సిమెంటు పోసి, మధ్యలో నిలువెత్తు కర్ర నాటి, తాతబ్బాయే చేసుకున్న దిమ్మిస అది. ఎత్తి దింపితే భూమి ఉలిక్కిపడేది.

"మాటాడు, మాటాడు. నానింటన్నాను. కొడతా మాటాడు."

"ఎంతసేపు కొట్టాలి?"

"బస్తా పలికేదాకా."

ఆ పని తీరే అంత. బియ్యం వచ్చే ప్లాస్టిక్ బస్తాలో తడిపొడిగా కలిపిన ఎర్రమట్టి నింపి, మూతి మడిచి, వరసలో పడుకోబెట్టాలి. పైనుంచి దిమ్మిసతో కొట్టాలి. మొదట్లో "దబ్, దబ్" అని పరుపు మీద కొట్టినట్టు ఉంటుంది. కొట్టగా కొట్టగా లోపలి మట్టి బిగిసి, ఒక దెబ్బకి ఉన్నట్టుండి "టక్" మంటుంది, రాయి మీద కొట్టినట్టు. అదే పలకడం. ఆ వరస మీద ముళ్ళతీగ పరిచి, మళ్ళీ బస్తాలు. భూమి ఊగినా బస్తా మీద బస్తా జారకుండా ఆ ముళ్ళు పట్టుకుంటాయి. ముప్పై ఏళ్ళు ప్యాసింజర్ షిప్పుల్లో పనిచేసి రిటైరైన తాతబ్బాయికి ఈ విద్య సునామీ రోజునే పట్టుబడిందట. తన షిప్పు ఆగిన జెట్టీలో సిమెంటు గోడ కొట్టుకుపోయింది, పక్కన ఎవరో పేర్చిన ఇసక బస్తాలు మాత్రం కదలకుండా కూర్చున్నాయి. "ఆ రోజే అనుకున్నాను, బస్తాకి ఉన్న బుద్ధి గోడకి నేదని" అనేవాడు.

ఇదంతా సుమ కంచె ఇవతలి నుంచి చూసేది. తాతబ్బాయి ఆమెకి చిన్నతాత వరస. ఇరవయ్యొకటేళ్ళ సుమ మాట్లాడటం ఊళ్ళో చాలామంది వినలేదు. తొమ్మిదో తరగతిలో బడి ఆగిపోయాక ఎవరు ఎదురైనా "చదువెందుకు మానేశావు" అని అడిగేవారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కంటే ఎవరికీ ఎదురుపడకపోవడమే ఆమెకి తేలికనిపించింది. ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగని మనిషి తాతబ్బాయి. ఆయన అడిగేది ఒకటే.

"గుంటా, ఇది పలికిందా?"

సుమ తల ఊపేది. లేదంటే అడ్డంగా ఊపేది. ఆయనకి అది చాలు.

సుమ బడి మానడానికి కారణం, కంచె పక్కనే వక్కచెట్ల కింద నవారు మంచం మీద కూర్చుని ఉండేది. ఆమె పేరు ఎరుకమ్మ, సుమకి మామ్మ. సునామీ ముందు వచ్చిన భూకంపంలో వాళ్ళ సిమెంటింటి ముందు గోడ ఉయ్యాల మీద పడింది. ఆ ఉయ్యాల్లోంచి ఆర్నెల్ల సుమని ఎరుకమ్మ అంతకు రెండు క్షణాల ముందే తీసింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇల్లు మళ్ళీ గట్టిగా కట్టారు. కానీ ఎరుకమ్మ ఆ తర్వాత తనంతట తాను ఏ కప్పు కిందికీ పోలేదు. ఎండైనా వానైనా నాలుగు వక్కచెట్లకి కట్టిన తార్పాలిన్ కిందే ఆమె కాపురం. సుమ అమ్మానాన్నలు మాయాబందర్ జెట్టీ దగ్గర హోటలు నడుపుకుంటూ "మా దగ్గరికి రా అమ్మా" అని పిలిచి పిలిచి అలసిపోయారు. ఆమెని ఒంటరిగా వదలలేక సుమ బడి మాని ఇక్కడే ఉండిపోయింది. వానాకాలం వచ్చిందంటే ఎరుకమ్మ ఊపిరి ఈల వేసేది. పోయిన రెండేళ్ళూ ఒంటి మీద తెలివి లేనప్పుడు ఎత్తుకెళ్ళి ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. రెండోసారి డాక్టరమ్మ సుమని పక్కకి పిలిచి, "ఈసారి వానలు బయట గడిపితే నేను చేయగలిగింది ఏమీ ఉండదమ్మా. వానలు పడేలోగా మీ మామ్మని ఒక కప్పు కిందికి చేర్చు" అంది.

సుమ తల ఊపింది. కానీ చేర్చడం ఎలాగో ఆ తలకి తెలియలేదు. ఎరుకమ్మ దగ్గర ప్రతి ఇంటికీ ఒక జవాబు ఉండేది. రేకుల షెడ్డు వేయిస్తామంటే, "రేకు లేచి మెడ మీద పడితే మళ్ళీ అతుకుతాదేటి?" ఆకుల పాక అంటే, "జెర్రులు సెవిలో దూరతాయి." ఎవరైనా ఉత్తినే కట్టిస్తామంటే, "ముష్టి ఇల్లు నాకొద్దు."

తాతబ్బాయికీ ఆమెకీ రోజూ కంచె మీంచి యుద్ధమే. తాతబ్బాయి ఎరుకమ్మ భర్తతో ఒకే షిప్పులో పనిచేశాడు కాబట్టి ఆయనకి ఆమె వదిన. ఆమెకి ఆయన "పొడుగోడు." ఆరడుగుల రెండంగుళాల మనిషిని వేరే పేరుతో పిలవడం దండగ అని ఆమె ఉద్దేశం.

ఊళ్ళో పుకారు ముదిరాక మొదట వచ్చినవాడు పాస్టరు దేవప్రసాద్. తాతబ్బాయి ఆయన చర్చి మనిషి కాదు, అయినా చావు తలపులు పట్టుకున్న మనిషిని వదిలేయలేక తెల్లచొక్కా ఇస్త్రీ చెదరకుండా నడిచి వచ్చాడు.

"తాతబ్బాయి గారూ, ఒక వయసు వచ్చాక మనిషికి చావు గురించి ఆలోచనలు రావడం సహజం."

"సహజమే అయ్యగారూ. ఇది పట్టుకోండి."

"ఇదేమిటి?"

"దిమ్మిస. కొడతా సెప్పండి, బాగా ఇనబడతాది."

"అంటే, భయమనేది..." దబ్. "మనిషిని లోపలినుంచి..." దబ్. "ఇంకా కొట్టాలా?"

"పలకలేదు కదండీ. భయం దాకా వచ్చినారు, కానియ్యండి."

ఓదార్చడానికి వచ్చిన పాస్టరు తొమ్మిది బస్తాలు పలికించి, చొక్కా పిండుకుంటూ వెళ్ళాడు. ఆ ఆదివారం చర్చిలో "అవిశ్వాసము" అన్న మాట దగ్గర ఆయన బల్ల మీద గుద్దిన గుద్దుకి మైకు కింద పడింది. అంత బరువైన ప్రసంగం ఈ మధ్య వినలేదని అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత ఇన్సూరెన్సు ఏజెంటు గణేశ్వరరావు వచ్చాడు. సమాధి కట్టుకునేవాడు ముందుచూపున్న మనిషి, పాలసీ తీసుకోకుండా ఉండడని ఆయన లెక్క. ఫారం తీసేలోగా చేతిలోకి దిమ్మిస వచ్చింది.

"సార్, మీ డేట్ ఆఫ్ బర్త్..."

"పలికిందా?"

"లేదు సార్. నామినీ ఎవరు సార్?"

"ముందు దాన్ని పలకనీ భయ్యా. నామినీ ఎక్కడికీ పారిపోడు."

చొక్కా గుండీలు రెండు పోయాయి, ఫారం మట్టిలో కలిసిపోయింది. కానీ మూడో రోజు గణేశ్వరరావు మళ్ళీ వచ్చాడు, ఈసారి ఫారం లేకుండా. పదేళ్ళుగా ఉన్న నడుం నొప్పి పోయిందట. "ఇంకో నాలుగు ఉన్నాయా సార్?" అని ఆయనే అడిగాడు.

చెల్లెలి పెళ్ళికి పిలవడానికి పట్టుచీరలో వచ్చిన రాజకుమారి కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని రెండు బస్తాలు కొట్టింది. తాతబ్బాయి ఆ పెళ్ళికి వెళ్ళి, వచ్చేటప్పుడు వంటవాళ్ళ దగ్గర ఖాళీ బియ్యం బస్తాలు పదకొండు అడిగి తెచ్చుకున్నాడు. తాంబూలం మరిచిపోయాడు.

ఇన్ని చేతులు కొట్టినా తీర్పు మాత్రం కంచె ఇవతల నవారు మంచం మీంచే వచ్చేది.

"ఒరే పొడుగోడా! ఆ ఇన్సూరెన్సు ప్యాంటోడు కొట్టింది పలకలేదు!"

"పలికింది వదినా!"

"సగమే పలికింది. కిటికీ నుంచి మూడోది. నాకు సెవుల్నేవనుకున్నావేటి? తీయించు!"

"దాని మీద నాలుగు వరసలు నేచినాయి!"

"నేస్తే దించు! నీ సమాధి నీ మీదే కూలితే ఎవుడెత్తుతాడు నిన్ను? నీ పొడుక్కి ఆరుగురు కావాల!"

"నీ సెవులు సెవులా వదినా, సోనార్ మిషనా?" అని తిట్టుకుంటూనే తాతబ్బాయి నాలుగు వరసలూ దించేవాడు. మూడో బస్తాని మళ్ళీ కొట్టించేవాడు. "టక్" మన్నాక కంచె వైపు చూసేవాడు. మంచం మీంచి "ఊఁ" అని వినబడితేనే పైవరసకి పోయేవాడు. అలా పదహారు వరసలు, రెండొందల పైచిలుకు బస్తాలు లేచాయి. ఒక్కటి కూడా ఎరుకమ్మ చెవి దాటిపోలేదు.

మాటలు తక్కువైనవాళ్ళకి చూపు ఎక్కువ. మామ్మ తిట్టిన ప్రతి తిట్టూ రెండు రోజుల తర్వాత ఆ కట్టడంలో ఎక్కడో ఒకచోట కనబడుతోందని సుమ గమనించింది.

"రేకులేస్తావేట్రా, మెడ తెగుద్ది!" అని మామ్మ అరిచింది. తాతబ్బాయి "నా మెడ, నా ఇష్టం!" అని అరిచాడు. రెండ్రోజులకి వక్కబద్దలు కట్టి, తేలికపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద ఆకు కప్పాడు. "ఆకులో జెర్రులుంటాయి, సస్తావు!" అంది మామ్మ. "నాను కరిస్తే అవే సస్తాయి!" అన్నాడు తాతబ్బాయి. ఆ వారమే జంగ్లీఘాట్ నుంచి సన్నకన్నుల చేపలవల తెచ్చి, కప్పు కింద పొడవునా బిగించి కట్టాడు. జెర్రి కాదు, కప్పే ఊడినా ఆ వలలో పడాల్సిందే. "కరెంటు తీగ తెగి పడితే?" అంది మామ్మ. లైను వద్దనేశాడు. వాకిట్లో కర్ర మీద ఒక్క సోలార్ పలక, లోపల ఒక బల్బు, చెయ్యంత ఫ్యాను, చూరు కింద వాననీళ్ళకి నీలం డ్రమ్ము. గోడలకి లోపలా బయటా మట్టిపూత పూసి, చేత్తో నున్నగా మెత్తాడు. ఊరి కరెంటు పోయినా ఆ గది వెలుగుతూనే ఉండేది. అది చూసి గురువమ్మ "సమాధిలో అఖండ దీపం" అని ప్రచారం చేసింది.

ఇంత తెలివిగా కట్టినవాడు ఒక్కచోట మాత్రం నవ్వులపాలయ్యాడు. తలుపు. గదిలో ఆయన నిటారుగా నిలబడేంత ఎత్తుంది గానీ ద్వారం మాత్రం మరీ పొట్టి. లోపలికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి, రోజుకి పదిసార్లు ఠంగుమని తల కొట్టుకునేవాడు. నుదుటి మీద బొప్పి నిమ్మకాయంత లేచింది.

"షిప్పులు నడిపినోడివి, దర్వాజా కొలత తెలీనేదా తాతా?" అని దారినపోయేవాళ్ళు నవ్వేవారు.

"తప్పింది భయ్యా. ముసిలోడి కొలత."

"పగలగొట్టి ఎత్తు పెంచరాదా?"

"వదినకి మళ్ళీ పలికించాల. నా వల్ల కాదు."

సుమ ఆ తలుపు చూసి నవ్వలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు, కోడి కంచె దాటిందని మామ్మ లేచి వచ్చి కంచె స్తంభానికి ఆనుకుని నిలబడి తిడుతోంది. తాతబ్బాయి తిట్లు తింటూనే బొగ్గుముక్క తీసి, ఆమె కొప్పు ఎత్తున స్తంభం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. మామ్మ చూడలేదు. సుమ చూసిందని గ్రహించి ఆయన, "వరదొస్తే నీళ్ళు ఎంతెక్కుతాయో గుర్తు" అన్నాడు. గుట్ట మీదున్న ఊరికి వరద ఎలా వస్తుందా అని సుమ చాలా రోజులు ఆలోచించింది.

మే నెల మూడో వారంలో వానలు దిగాయి. తార్పాలిన్ మీద నీళ్ళు కడవలా నిలిచి, చెంబులా ఒలికేవి. మామ్మ దగ్గు మొదలైంది. సుమ కాళ్ళు పట్టుకుంది, ఏడ్చింది, మాయాబందర్‌కి ఫోను కలిపి అమ్మానాన్నలతో తిట్టించింది. "పైన ఆకాశం ఉంది, అది పడదు" అంది మామ్మ. ఆ ఆకాశమే ముక్కలై పడుతుంటే సుమ తార్పాలిన్ మూలలు మళ్ళీ బిగించి కట్టింది. ఆరో రోజుకి ఊపిరి ఈల వేయడం మొదలైంది.

ఆ మధ్యాహ్నం తాతబ్బాయి తన గదిలో గాజు గ్లాసుతో టీ తాగుతున్నాడు. భూమి ఊగింది.

పెద్దది కాదు. దీవుల్లో అలాంటివి వస్తూ పోతూ ఉంటాయి. కానీ గిన్నెలు గలగలలాడాయి, కుక్కలు అరిచాయి, ఇళ్ళలోంచి జనం వానలోకి పరిగెత్తారు. ఒక్క తాతబ్బాయి మాత్రం బయటికి రాలేదు.

"పొడుగోడా!" ఎరుకమ్మ మంచం మీంచి లేచింది. "బయటికి రారా!"

"టీ తాగతన్నాను వదినా."

"నీ టీ మండా! గోడ పడతాది, రా!"

"గ్లాసులో టీయే ఒలకనేదు, గోడేటి పడతాది?"

భూమి ఇంకోసారి కదిలింది. ఆ తర్వాత జరిగింది సుమ కళ్ళతో చూసింది కాబట్టి నమ్మింది. ఇరవై ఏళ్ళుగా కప్పు పేరెత్తితే వణికే మామ్మ, ఉత్తకాళ్ళతో బురదలో అంగలు వేస్తూ కంచె సందులోంచి దూరి, సూటిగా ఆ ద్వారంలోకి వెళ్ళి, తాతబ్బాయి చొక్కా పట్టుకుని లాగింది.

"నెగు! ఎదవ సచ్చినోడా, నెగు!"

అప్పటికి భూమి ఆగిపోయింది. మామ్మ చెయ్యి చొక్కా మీదే ఉండిపోయింది. ఆమె పైకి చూసింది. వల. చుట్టూ చూసింది. గోడ మీద ఒక్క పగులు లేదు. పిడికిలితో గోడని ఒకచోట తట్టి, చెవి ఆనించింది.

"ఇది ఆ ప్యాంటోడిది" అంది నెమ్మదిగా. "నాలుగు వరసలు దింపించినాను."

"దింపించినావు, నా నడుం ఇరగ్గొట్టినావు" అన్నాడు తాతబ్బాయి.

బయట వాన ఇంకా జోరైంది. లోపల చుక్క లేదు. సుమ గుమ్మం దగ్గరికి వచ్చి అక్కడే ఆగింది. ఇప్పుడు ఎవరైనా "ఇక్కడే ఉండిపో" అంటే మామ్మ తిరిగి వానలోకే వెళ్ళిపోతుంది. ఆ సంగతి సుమకి తెలుసు. ఆ సంగతి తాతబ్బాయికి అంతకంటే బాగా తెలుసు.

ఆయన గ్లాసు కింద పెట్టి లేచాడు. గుమ్మం దాటబోతూ ఠంగుమని కొట్టుకున్నాడు.

"సీ! దీనెమ్మ కొంప! బస్, నా వల్ల కాదు. రోజూ ఈ బుర్ర పగలగొట్టుకోడం కంటే నా పాతింట్లోనే పడుంటాను. రేపటేల నుంచి ఇందులో మేకల్ని కట్టేస్తాను."

"ఏటీ?" అంది ఎరుకమ్మ.

"మేకల్ని. వాటికి తలుపు సరిపోద్ది."

"మేకల్నా? ఈ గోడల్లోనా?" మామ్మ గొంతు లేచింది. దగ్గు అడ్డం వచ్చినా ఆగలేదు. "రెండొందల బస్తాలు కూకుని కూకుని పలికించింది నానూ, పడుకునేది నీ మేకలా? కట్టు సూద్దాం! కాళ్ళిరగ్గొడతాను, మేకలవీ నీవీ! ఒసే గుంటా, నా మంచం తే!"

"వదినా, ఇది నా—"

"నోరుముయ్యి. మంచం తేయే!"

సుమ మంచం తెచ్చింది. వానలో తడుస్తూ ఒక్కతే ఎలా ఎత్తిందో ఆమెకే తెలియదు. తాతబ్బాయి బొప్పి రుద్దుకుంటూ, ఇల్లు పోగొట్టుకున్న మనిషిలా భుజాలు వేలాడేసుకుని కంచె దాకా నడిచాడు. అక్కడ మామ్మకి కనబడని చోట ఆగి, చూరు మీంచి నీళ్ళు నీలం డ్రమ్ములో పడుతున్నాయో లేదో వంగి చూసి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మామ్మ పడుకున్నాక సుమకి ఇంకొకటి గుర్తొచ్చింది. జనవరిలో మొదటి వరస తాతబ్బాయి ఒక్కడే కొట్టుకున్నాడు. అప్పుడు మామ్మ మంచం మీంచి, "నీ సేతికి నీ బస్తా పలక్కేం సేస్తాది? పరాయోడు కొడితే గదా నిజం తెలిసేది!" అని వెక్కిరించింది. ఊరందరి చేతికీ దిమ్మిస రావడం ఆ మర్నాటి నుంచే మొదలైంది.

నాలుగో రోజుకి వాన కాస్త తెరిపిచ్చింది. మామ్మ ఊపిరిలో ఈల తగ్గింది. గురువమ్మ చేపల బుట్టతో వచ్చి రోడ్డు మీద నలుగురిని పోగేసి కొత్త కబురు విప్పింది. "సూసినారా? పాపం, కొలత తప్పి తన సమాధిలో తానే పట్టలేదు తాతబ్బాయి. బుర్ర బొప్పి కట్టి ఒగ్గేసినాడు. ఆ ముసల్దేమో దౌర్జన్నెంగా దూరేసింది. సంకురాత్రి నుంచి చాకిరీ, అంతా బేకార్! కొలత తెలీనోడు కట్టడమెందుకు?"

సుమ అప్పుడే కంచె స్తంభం దగ్గర ఉంది. ఆమె చేతిలో తాతబ్బాయి టేపు ఉంది. బొగ్గుగీత వానకి సగం కరిగినా కనబడుతూనే ఉంది. గీతని కొలిచింది, వెళ్ళి ద్వారం కొలిచి వచ్చింది. రోడ్డు మీదికి నడిచింది. నలుగురూ ఆమె వైపు తిరిగారు. ఎప్పటిలా తల వంచుకుని వెళ్ళిపోతుందనుకున్నారు.

"గురువమ్మ దీదీ" అంది సుమ. గొంతు మొదట పలకలేదు. రెండోసారి పలికింది. "చిన్నతాత పొడుగు ఆరడుగుల రెండంగుళాలు. ఆ తలుపు ఎత్తు నాలుగడుగుల తొమ్మిది. మా మామ్మ, కొప్పుతో కలిపి, నాలుగడుగుల ఎనిమిది."